ఆ పాటలో తలుపు కొట్టిన చెయ్యి

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఒకే ఒక్కసారి ఆడగలిగే టేపు ఆడుతూ ఉండగా, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న రికార్డింగ్‌ని నేను మధ్యలో ఆపేశాను. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టాను గానీ, ఆ మధ్యలో పోయింది పోయినట్టే. ఆ తర్వాత చేసిన రెండో తప్పుకి మాత్రం ఒక్క వాక్యం చాలదు.

మా తెలుగు సంఘం సావనీర్ పని చూస్తున్న అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. మొన్న ఫోన్ చేసి, “అంకుల్, మీ జాబ్ గురించి రాస్తారా? లైక్, వన్ మెమొరీ. యూత్‌కి ఇన్‌స్పైరింగ్ ఉండాలి” అంది. రిటైరై ఇంట్లో కూర్చున్నవాడికి స్ఫూర్తినిచ్చే సంగతులు గుర్తుకు రావు. గుర్తొచ్చేది ఇదే. ఇష్టమైతే వేసుకోండి.

నేను అమెరికాకి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌గా వచ్చాను. అంతకుముందు దేశంలో ఒక రేడియో స్టేషన్‌లో ఇంజినీరుని. రెండు వేల ఒకటి తర్వాత ప్రాజెక్టులు ఒక్కొక్కటే ఆగిపోయి, న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో నాలాంటివాళ్లం పగలు కూడా కార్లు కదపకుండా ఇంట్లోనే కూర్చున్న రోజులు మీకు తెలియవు. అప్పుడు దొరికింది ఈ ఉద్యోగం. రికార్డు కంపెనీల దగ్గర మూలనపడి ఉన్న పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి భద్రపరిచే చిన్న సంస్థ. డేటాబేస్ పనికని తీసుకున్నారు. ఇంటర్వ్యూలో మా బాస్ మాటవరసకి, రీళ్ల మెషీన్ ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. నేను లేచి, ఆ గదిలో అలంకారానికి పెట్టిన పాత మెషీన్‌కి టేపు చుట్టి చూపించాను. ఏడాది తిరక్కుండానే నన్ను టేపుల గదిలో వేశారు. గ్రీన్ కార్డుకి స్పాన్సర్ చేస్తామని కూడా అన్నారు. ఆ మాట గుర్తుంచుకోండి. ఈ కథలో దాని బరువు చాలా ఉంది.

పాత టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన గోధుమరంగు పొడి. శబ్దమంతా ఆ పొడిలోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్లు గడిచేసరికి జిగురు తేమ పీల్చి బంక అవుతుంది. అలాంటి టేపుని సన్నని వేడి మీద ఒక రోజంతా ఆరబెట్టి అప్పుడు ఆడించాలి. మా ఆవిడకి ఈ సంగతి చెబితే, “వడియాలు పెడుతున్నారన్నమాట, జీతం ఇచ్చి మరీ” అంది. చాలా టేపులు ఈ వడియాల వైద్యానికి దారికొస్తాయి. కొన్ని రావు. వాటి మీది పొడి ఆడుతూ ఆడుతూనే ఊడి రాలిపోతుంది. ఒకసారి ఆడాక మిగిలేది ఉత్త ప్లాస్టిక్.

అందుకే మా గదిలో ఒక నియమం ఉండేది. నాకు పని నేర్పిన సీనియర్, ఉద్యోగంలో తల నెరిసిన అమెరికన్, దాన్ని ఇలా చెప్పేవాడు. టేపు కదలకముందే రికార్డింగ్ మొదలుపెట్టు. తోక జారి రీలు గిర్రున తిరిగేదాకా చేతులు జేబుల్లో పెట్టుకో. పాటా, దగ్గా, తిట్లా అని చూడకు. అది తేల్చడం నీ పని కాదు.

నేనది విన్నాను, ఒప్పుకున్నాను, మూడేళ్లు పాటించాను కూడా.

ఇక పాట సంగతి. దాని పేరు రాయను. మీకు తెలిసే ఉంటుంది. మీరు పుట్టకముందు పాట, అయినా బేస్‌బాల్ ఆటల్లో, సూపర్‌మార్కెట్‌లో, డాక్టరు గారి వెయిటింగ్ రూములో ఎక్కడైనా వినిపిస్తుంది. ఆర్గన్‌తో నెమ్మదిగా మొదలై, గిటార్లు, డ్రమ్ములు చేరి పెరిగి పెరిగి, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. నిశ్శబ్దం. తలుపు మీద ఎవరో మూడుసార్లు కొట్టిన చప్పుడు. వెంటనే డ్రమ్ములు విరుచుకుపడి పాట మళ్లీ లేస్తుంది. స్టేడియంలో వేలమంది ఆ మూడు దెబ్బల కోసం కాచుకుని ఉండి కుర్చీల మీద కొడతారు.

ఆ తలుపు చప్పుడు గురించి ఆ పాట పాడినాయన ముప్ఫై ఏళ్లుగా ఒక కథ చెప్పేవాడు. వియత్నాం యుద్ధం రోజుల్లో వాళ్ల వీధిలో ఒక తల్లి ఇంటి ముందు సైనిక దుస్తుల్లో ఇద్దరు దిగి తలుపు కొట్టారట. కొడుకు పోయాడన్న కబురు. ఆ తలుపు చప్పుడే పాటలోకి వచ్చిందని ఆయన చెప్పేవాడు. పాటలో యుద్ధం మాట ఒక్కటీ లేదు. ఎవరి కోసమో ఎవరో ఎదురుచూడటమే ఉంది. కానీ కథ అతుక్కుపోయింది. ఇరాక్ యుద్ధం వచ్చాక ఊరూరా చర్చిల్లో, అంత్యక్రియల్లో ఆ పాట పెట్టేవారు.

ఆ పాట వార్షికోత్సవానికి ప్రత్యేకంగా ఒక సీడీల సెట్ వేస్తామని రికార్డు కంపెనీ వాళ్లు రీళ్లు మాకు పంపారు. అందులో ఒకటి, డబ్బా తెరవగానే ఘాటు వాసన కొట్టి, అంచుల దగ్గర అప్పటికే పొడి రాలుతున్నది. సీనియర్ చూసి, దీనికి ఒకే ప్రయాణం అన్నాడు. ఆరబెట్టాం. ఆడించాల్సిన రోజు ఆయనకి పంటినొప్పి లేచి డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాడు. నువ్వు చేసేయ్ అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది.

ఇక్కడ మా సంఘం గురించి చెప్పాలి. ఏ కార్యక్రమమైనా సౌండ్ పని నాదే. మైకులు, పిల్లల డాన్సు పాటలు, చివర్న అందరికీ పంచే సీడీ. అధ్యక్షుల వారి స్వాగతోపన్యాసం, మాజీ అధ్యక్షుల వారి సందేశం, దాతలకి కృతజ్ఞతలు, కృతజ్ఞతలు చెప్పినవారికి కృతజ్ఞతలు. ఇవన్నీ సీడీలో వస్తున్నాయని మొదటి ఏడాది అందరూ గోల పెట్టారు. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. మాటలొస్తే ఆపడం, పాటొస్తే మొదలుపెట్టడం. నా బొటనవేలు ఆ పని ఎంత బాగా నేర్చుకుందంటే, చెవికీ వేలికీ మధ్యలో నా అవసరమే ఉండేది కాదు. “అన్నయ్యగారి సీడీలో ఒక్క ముక్క వేస్ట్ ఉండదు” అని ఆడవాళ్లు మెచ్చుకునేవారు.

ఆ రోజంతా, వచ్చే శనివారం జరగబోయే ఉగాది కార్యక్రమం కోసం ఫోన్ మోగుతూనే ఉంది. టేపు మొదలై బాగానే ఆడుతోంది. టేపుని చదివే హెడ్‌ల కింద సన్నగా పొడి పడుతోంది. అప్పుడు మా సెక్రటరీ, వరంగల్ కుర్రాడు, ఫోన్ చేశాడు.

“అన్నా, ప్రెసిడెంట్ సార్ స్పీచ్ ఈసారి సీడీల పెట్టాల్నంట. పోయినసారి లేదని ఫీలైండు.”

“పెడతానని చెప్పు.”

“నిజంగ పెడ్తవా?”

“ఎవరైనా వింటారా తమ్ముడూ? పెట్టానని చెప్పు, చాలు.”

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉండగా, స్పీకర్లో వాయిద్యాలు ఆగిపోయాయి. తలుపు చప్పుడు. పాటలోది కాదు, అడ్డదిడ్డంగా, కోపంగా. ఆ తర్వాత మాటలు.

మాటలు రాగానే నా బొటనవేలు బటన్ నొక్కింది.

నొక్కానని నాకు వెంటనే తెలియలేదు, అదీ నా దౌర్భాగ్యం. ఫోన్ పెట్టేసి ఆ మాటలు వింటూ కూర్చున్నాను. బాగున్నాయి కూడా. తలుపు తీసుకుని ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. గొంతు నిద్రలోంచి లేచినట్టుంది. తాను రాత్రంతా ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి వచ్చానని, పగలు కాకపోతే ఎప్పుడు పడుకోవాలని, గోడకవతల మనుషులున్నారని తెలుసా అని అడిగింది. ఆ బ్యాండు వాళ్లు రికార్డింగ్‌కి అద్దెకి తీసుకున్నది ఒక పాత ఫర్నిచర్ షాపు. దాని పక్కవాటా ఆమెది. ఎవరో క్షమాపణ చెప్పారు. అప్పుడు డ్రమ్ములు వాయించేవాడు కాబోలు, చాలా ఉత్సాహంగా, “ఆ ఆగే చోట తలుపు చప్పుడు భలే పడింది. అమ్మా, నేను పుల్ల ఎత్తినప్పుడు అలాగే మూడుసార్లు కొడతావా? మా పాడేవాడు తిండి తిని వచ్చేలోపు ఒకటి లాగించేస్తాం” అన్నాడు.

ఒక ఆవలింత వినిపించింది. తర్వాత ఆమె అంది.

“కొడితే నన్ను పడుకోనిస్తారా?”

గదిలో వాళ్లంతా నవ్వారు. వాళ్లతోపాటు ముప్ఫై ఏళ్ల తర్వాత న్యూజెర్సీలో నేనూ నవ్వాను. డ్రమ్మర్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాటొచ్చింది. బొటనవేలు మళ్లీ బటన్ నొక్కింది. అప్పుడు చూశాను దాన్ని.

టేపు ఆపలేను. ఆపితే ఉన్న పొడి కూడా అంటుకుపోతుంది. కూర్చుని వింటూ ఉన్నాను. ఈసారి పాట ఆగినచోట మూడు దెబ్బలు సరిగ్గా పడ్డాయి. లోకమంతటికీ తెలిసిన దెబ్బలు అవే. ఆ తర్వాత కూడా వాళ్లు అదే పాట మళ్లీ మళ్లీ వాయించారు. తోక జారి రీలు గిర్రున తిరిగింది. వెనక్కి చుట్టి పట్టుకుని చూస్తే, మాటలున్న చోట టేపు ఎక్స్‌రే ఫిల్ములా ఉంది, అవతల నా వేళ్లు కనిపిస్తున్నాయి. హెడ్‌ల కింద కాఫీ పొడి ఒలికినట్టు గోధుమరంగు కుప్ప. ఆమె గొంతు అందులో ఉంది.

రికార్డయిన రెండు ముక్కల్నీ కంప్యూటర్లో కలిపి అతికించాను. రిపోర్టులో “పూర్తి” అని రాశాను. మాటలే కదా, ఎవరడుగుతారు అనుకున్నాను.

ఏడాది తర్వాత ఒకావిడ వచ్చి అడిగింది.

స్కూల్ బస్ నడిపే ఆవిడ, నల్లజాతి మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. డ్యూటీ జాకెట్‌తోనే వచ్చింది. రికార్డు కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేసి, టేపులు మా దగ్గర ఉన్నాయని కనుక్కుని, నేరుగా మా లాబీకి వచ్చి కూర్చుంది. మా బాస్ నన్ను పిలిపించాడు. ముగ్గురం ఆ ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబడే మాట్లాడుకున్నాం.

ఆవిడ చెప్పింది ఇదీ. ఆ పాటలో తలుపు కొట్టింది వాళ్లమ్మ. రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా, అది నా చెయ్యి అని వాళ్లమ్మ అనేది. చిన్నప్పుడు ఈమె స్కూల్లో చెబితే పిల్లలు నవ్వారు. పెద్దయ్యాక ఈమే నవ్వడం మొదలుపెట్టింది. ఇంతవరకూ అయితే గొడవ లేదు. కానీ వాళ్లమ్మకి నలభై ఏళ్లుగా స్నేహితురాలైన ఒకామె ఉంది. ఒకే చర్చి, ఒకే లాండ్రీలో పనిచేశారు, ఒకరి పిల్లల్ని ఒకరు పెంచారు. ఆమె మనవడు ఇరాక్‌లో పోయాడు. అంత్యక్రియల్లో ఆ పాట పెట్టారు. అది వింటూ ఈమె వాళ్లమ్మ, ఏడుస్తున్న స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, ఓదార్పుగా అనుకుందో ఏమో, “అది నేనే. మీ వాడి కోసం కొడుతున్నది నా చెయ్యి” అంది. స్నేహితురాలి ఇంటి తలుపుని నిజంగానే సైనికులు వచ్చి కొట్టి అప్పటికి పది రోజులు కాలేదు. శవపేటిక ముందు నిలబడి తన గొప్ప చెప్పుకుంటోందని ఆమె అందరి ముందూ అరిచింది. అంతే. మాటల్లేవు. చర్చిలో అందరూ ఆ స్నేహితురాలి వైపే. వాళ్లమ్మ బెంచీలో ఒక్కతే కూర్చుంటోంది.

“మా అమ్మ అబద్ధాలకోరు కాదని నాకు తెలియాలి. లేదా మతి తప్పుతోందనైనా తెలియాలి” అంది ఆవిడ. “అప్పుడు గదిలో మాట్లాడుకున్నాం అంటుంది. టేపులో ఉందా?”

బాస్ నా వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. పని పోగొట్టినవాణ్ణి మాత్రం ఉంచుకునే మనిషి కాదు. అంతకు ముందు సంవత్సరం ఒకతను రీలు తడిపితే ఆ సాయంత్రమే పంపేశాడు. నా గ్రీన్ కార్డు అప్పుడు సగం దారిలో ఉంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది, మా ఆవిడ వీసా పోతుంది, మా వాడి స్కూలు పోతుంది.

“ఫైల్లో అలాంటివేవీ లేవు” అన్నాను.

అది నిజమే. కానీ ఆవిడ బస్సులో అల్లరి పిల్లల్ని రోజూ చూసే మనిషి. “ఫైల్ సంగతి కాదు. టేపు ఆడించింది మీరేగా. మీరు విన్నారా?” అని అడిగింది.

“లేదు.”

ఆవిడ నా మొహం కాసేపు చూసింది. “సరే. థాంక్యూ. మర్యాదగా మాట్లాడారని మా అమ్మతో చెప్తాను” అని జిప్పు పైకి లాక్కుని వెళ్లిపోయింది.

పాట పాడినాయన అబద్ధమాడాడని నేననను. తలుపు కొట్టినప్పుడు ఆయన ఆ గదిలోనే లేడు. తిని వచ్చి ఆ చప్పుడు విన్నాడు, విన్నప్పుడు ఆయనకి తన వీధిలో తలుపు గుర్తొచ్చింది. డ్రమ్మర్, ఆ గదిలో ఉన్న మిగతావాళ్లూ ఎప్పుడో పోయారు. ఆ ముసలమ్మ నిజమే చెప్పింది. స్నేహితురాలి కోపమూ నిజమే. ఈ మొత్తం కథలో అబద్ధమాడింది నేనొక్కడినే.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె కూర తరుగుతూ విని, “రేపెళ్లి చెప్పేయండి” అంది.

“కార్డు?”

“పోతే పోతుంది. ఇండియా ఏమన్నా మునిగిపోయిందా?”

ఇన్నేళ్లూ స్నేహితుల దగ్గర ఈ కథ వచ్చినప్పుడు, చెబుదామనే అనుకున్నాను గానీ మా ఆవిడ భయపడి వద్దంది అని చెబుతూ వచ్చాను. అదీ అబద్ధమే. ఇప్పుడు అచ్చులో దిద్దుకుంటున్నాను. ఆమె చెప్పమంది. నేను చెప్పలేదు. కార్డు రానీ, వచ్చిన మర్నాడే చెబుతానని నాలో నేను ఒప్పందం చేసుకున్నాను. నాకు నేను ఇచ్చుకున్న గడువు కాబట్టి అప్పు చాలా సుఖంగా ఉండేది.

కార్డు రావడానికి రెండేళ్లు పైన పట్టింది. వచ్చిన మర్నాడు కూడా చెప్పలేదు. పై వారం బాస్ గదిలోకి వెళ్లాను.

ఆయన అంతా విన్నాడు. “ఇప్పుడెందుకు చెబుతున్నావు?” అన్నాడు.

“కార్డు వచ్చింది కాబట్టి.”

ఆయన నవ్వాడు, కానీ అది నవ్వు కాదు. రిపోర్టు తెప్పించి నా ముందు పెట్టాడు. “పూర్తి” అన్నది కొట్టేసి, “నడుమ సంభాషణ నా పొరపాటు వల్ల పోయింది” అని రాసి సంతకం చేశాను. ఉద్యోగం తీయలేదు. టేపుల గదిలోంచి తీసేశాడు. తర్వాత నాలుగేళ్లు గోడౌన్‌లో డబ్బాలకి బార్‌కోడ్‌లు అంటించాను. నాకంటే చిన్నవాళ్లు, చదువవగానే ఓపీటీ పర్మిట్ మీద పనికి వచ్చిన మన పిల్లలు, గదిలో రీళ్లు ఆడిస్తుంటే అద్దంలోంచి చూసేవాణ్ణి. రికార్డు కంపెనీకి తెలియజేస్తానని బాస్ అన్నాడు, తెలియజేశాడు కూడా. వాళ్ల సెట్ అప్పటికే బజార్లో ఉంది, దానితో ఇచ్చే పుస్తకంలో పాత కథతోనే. ఆ ఇంటికి వెళ్లి చెప్పుకోవచ్చా అని అడిగితే, “ఆదివారం వెళ్లు. కంపెనీ టైములో వద్దు” అన్నాడు.

బయటికొస్తుంటే సీనియర్ నడవాలో కాఫీ కలుపుకుంటున్నాడు. “ఆ అతుకు నేను అప్పుడే చూశాను. నువ్వే చెబుతావని ఆగాను” అన్నాడు, కప్పులోంచి తలెత్తకుండా. ఆ రోజు అందరికంటే ఎక్కువ కొట్టింది ఆయనే.

ఆ ఊరు ట్రెంటన్‌కి దగ్గర్లోనే. చిన్న ఇల్లు, ముందు మూడు మెట్లు, పక్కన చక్రాల కుర్చీ కోసం కొత్తగా కట్టిన చెక్క వాలు. ఆ వాలు పక్కనుంచి మెట్లెక్కి బెల్ నొక్కాను. కూతురు తలుపు తీసింది. జాకెట్ లేదు గానీ చూపు అదే.

“మర్యాదస్తులు గారు” అంది.

వాళ్లమ్మకి అంతకుముందు చలికాలంలో స్ట్రోక్ వచ్చింది. కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరిదో తెచ్చి పెట్టినట్టు. మాట ఒక్కోటి వెతుక్కుని తేవాలి. నేను రెండేళ్లు ఆలస్యం చేయకపోతే ఈ మనిషి తన కథ తనే చెప్పుకోగలిగేది.

కూర్చోమనకుండానే చెప్పాను. విన్నానని. నా వల్లే పోయిందని. అడిగితే లేదన్నానని. ఎందుకన్నానో కూడా. కూతురు చేతులు కట్టుకుని నిలబడి, “ముసలావిడ, జబ్బు మనిషి, సంతోషపెడదామని వచ్చారేమో. నేనెలా నమ్మాలి?” అంది.

“డ్రమ్మర్ తలుపు కొట్టమని అడిగినప్పుడు, కొడితే నన్ను పడుకోనిస్తారా అని అడిగారు మీ అమ్మ” అన్నాను.

కూతురు చేతులు కిందికి జారాయి. ఆ మాట ఆవిడ లాబీలో మాకు చెప్పలేదు. ఇంట్లో వెయ్యిసార్లు విన్నదని తర్వాత తెలిసింది. తల్లి వైపు తిరిగింది.

ముసలమ్మ మూతి ఒక పక్కకి సాగింది. నవ్వని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. పెదాలు చాలాసేపు కూడదీసుకుని, ఒక్కో ముక్కా తెచ్చి, అంది.

“పడుకో... నివ్వలేదు.”

నిజమే. రీలు చివరిదాకా వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరమే. “అవునండీ, అస్సలు పడుకోనివ్వలేదు” అన్నాను. కూతురు వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు అక్కడే ఉంది.

వెళ్లేముందు నా సంచిలోంచి సంఘం రికార్డర్ తీసి, ఆ గదిలో విన్నదంతా మొదటినుంచి చివరిదాకా నా గొంతుతో చెప్పి, సీడీ చేసి పంపుతానన్నాను. పంపాను. ఆ మాటలు పోయిన చోట ఇప్పుడు ఉన్నది గుంటూరు యాసలో నా ఇంగ్లీషు. అంతకంటే మెరుగైనది ఇక లేదు.

కూతురు మెట్ల దాకా వచ్చి, “నాకు చెప్పడం అయింది. చెప్పాల్సింది ఇంకొకరికి” అని రెండు వీధుల అవతల ఇల్లు చూపించింది. తను రానంది.

స్నేహితురాలు జాలీతలుపు తీయకుండానే విన్నది. పొడుగ్గా, నిటారుగా, చర్చి నుంచి వచ్చిన బట్టల్లోనే ఉంది. ఆమె వెనక గోడ మీద యూనిఫాంలో కుర్రాడి ఫొటో. అంతా చెప్పి ఆగాను. జాలీ వెనక మొహం సరిగ్గా కనిపించలేదు.

“అంటే మా వాడికి ఆ పాట పెట్టినప్పుడు” అంది చివరికి, “ఆ కొట్టింది సైనికులు కాదు.”

“కాదండీ.”

“తనే.”

“ఆమె చెయ్యే.”

ఆమె తల తిప్పి ఫొటో వైపు చూసింది. “ఆ చప్పుడు వినలేక మూడేళ్లుగా రేడియో పెట్టలేదు నేను” అంది. మళ్లీ నా వైపు తిరిగి, “తనని అందరి ముందూ ఏమన్నానో తెలుసా నీకు?” అని అడిగింది.

“తెలియదండీ.”

“తెలుసుకోకు.” తలుపు గడియ తీసింది. “కారుందా?”

రెండు వీధులు నడిచి వెళ్లేంత దూరమే. అయినా కారెక్కించుకున్నాను. దారంతా బ్యాగు ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత నుంచి సంఘం కార్యక్రమాల్లో హాలు తాళం తీయగానే రికార్డింగ్ మొదలుపెడతాను. కుర్చీలు మడిచేదాకా ఆపను. అధ్యక్షుల ఉపన్యాసాలన్నీ నా దగ్గర పూర్తిగా ఉన్నాయి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పిల్లలూ, మీ పనిలో ఏది అక్కరలేనిదో మీ చేతికి ముందే తెలిసిపోతున్నట్టనిపిస్తే, ఆ చెయ్యి జేబులో పెట్టుకోండి. నాకు చెప్పడానికి ఇంతకుమించి లేదు.

ఆ ఆదివారం, మళ్లీ ముసలమ్మ ఇంటి ముందు కారాపాను. స్నేహితురాలు మెట్లెక్కి నిలబడింది. తలుపు పక్కన కాలింగ్ బెల్ ఉంది. ఆమె దాని వైపు చూసి, బ్యాగు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో తలుపు కొట్టింది.

తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి ముందు ఒక గొంతు వినిపించింది, చాలాసేపటికి రెండోది, ముక్కలు ముక్కలుగా. ఏమంటున్నారో నాకు తెలియలేదు. ఆమెని మళ్లీ ఇంటిదగ్గర దింపాలన్న వంకతో, ఇంజిన్ ఆపేసి, ఆ మాటలు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.